పేజీ పదకొండులో నా పేరు

జనవరి 21, మంగళవారం

పొద్దున హరిణి ఫోన్ చేసింది. పదిహేడేళ్ల కింద మా కాలేజీ బాటనీ ల్యాబ్‌లో వేరుముక్క కోయబోయి వేలు కోసుకుని ఏడ్చిన పిల్ల. ఇప్పుడు జనాన్ని అడవులకు తీసుకెళ్లి మొక్కలు చూపించే పని పెట్టుకుంది. ఆఫీసు ఇక్కడే, అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల మధ్య.

"అంకుల్, ఫిబ్రవరిలో అండమాన్ ట్రిప్. ఐదు రోజులు. మొత్తం ఫెర్నులే. మీరు రావాలి."

నేనెందుకమ్మా అన్నాను.

"గైడ్ మన కామరాజు సార్. రత్నం వస్తేనే నేనొస్తానన్నారు. టికెట్లు గట్రా అన్నీ మేమే చూసుకుంటాం అంకుల్."

రత్నం వస్తేనే! వాడు రిటైరై పదహారేళ్లు, నేను రిటైరై ఐదేళ్లు. ఒక్కసారి ఫోన్ చేసిన పాపాన పోలేదు. పంజాగుట్టలో వాడి ఫ్లాటుకీ ఇక్కడ నా ఇంటికీ మధ్య మెట్రోలో రెండు నిమిషాల దూరం. వాడు ఇటు రాలేదు, నేను అటు పోలేదు.

ఎదురుపడితే సార్ అంటాను. ఈ పుస్తకంలో మాత్రం వాడు. ఇక్కడైనా నా ఇష్టం.

ఇరవై నాలుగేళ్లు వాడి కింద ల్యాబ్ అసిస్టెంటుగా చేశాను. వాడి డాక్టరేటు కోసం మారేడుమిల్లి, అనంతగిరి కొండలెక్కింది నేను. జలగలు పట్టుకున్నది నా కాళ్లని. వాడు గెస్ట్‌హౌస్ వరండాలో కాఫీ తాగుతూ కూర్చునేవాడు. నేను తెచ్చిన ఫెర్నుకి నేనే పేరు చెబితే తలూపేవాడు. మొక్కని పాత పేపర్ల మధ్య అణిచి, ఆరాక అట్ట మీద అతికించి, కింద కుడిమూల చీటీ రాసేది కూడా నేనే. పేరు, ఊరు, తారీఖు, దాని కింద 'సేకరించినవారు: డి. కామరాజు'. రెండొందల పన్నెండు అట్టలు, అన్నీ నా చేతిరాతే. థీసిస్ చివరి పేజీలో ఒక లైను మాత్రం నాకు దక్కింది. 'ల్యాబ్ సిబ్బందికి కృతజ్ఞతలు.' ల్యాబ్ సిబ్బంది అంటే నేనూ, ఒక స్పిరిట్ దీపమూ.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఈ అల్లుడు దానం కూడా చెయ్యలేదు, డాక్టరేటు చేసుకున్నాడు.

జనవరి 22, బుధవారం

వెళ్లను. హరిణికి మెసేజ్ పెట్టాను.

జనవరి 23, గురువారం

వెళ్తున్నాను. ఫెర్నుల కోసం. ఇంకెవరి కోసమూ కాదు.

మా ఆవిడ లీలకి చెబితే నవ్వింది. ముప్పయ్యేళ్లు సోమాజిగూడ ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి. ఆవిడ ముందు అబద్ధం ఆడటం కష్టం.

"గాయన మీద కోపం చూపియ్యనీకి సముద్రం దాటి పోవాల్నా? పంజాగుట్టకి పోయి తిట్టొస్తే అయిపోదా?"

"ఫెర్నులు చూసొస్త."

"మన బాల్కనీల ఉన్నయి సుత ఫెర్నులే కదనయ్యా."

మా గోడకి పక్క హాస్టల్ ఏసీ నీళ్లు కారి, ఆ తడికి నాలుగు మొలిచాయి. వాటిని చూస్తూ చావాలా నేను? అండమాన్ ఫెర్నులు చూడాలని పాతికేళ్ల నుంచి ఉంది. వాడు గైడైతే నాకేంటి, డ్రైవరైతే నాకేంటి.

జనవరి 28, మంగళవారం

పంజాగుట్టలో వాడి ఇంట్లో మీటింగు. వాడి భార్య దుర్గాంబ గారు తలుపు తీసి, "మీరా! ఎన్నాళ్లయిందండీ, రండి రండి," అన్నారు. ఆవిడ మంచి మనిషి. మంచివాళ్లంతా ఇలాంటివాళ్లకే దొరుకుతారు.

పదకొండు మంది వచ్చారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఇద్దరు డాక్టర్లు, మంజూష అని బ్యాంకులో చేసే ఒకావిడ. ఆవిడ మెడలో ఇంత లావు కెమెరా. ఫెర్న్ అంటే హోటల్ రిసెప్షన్‌లో వేలాడే కుండీ తప్ప ఒక్కరికీ ఇంకేం తెలియదు. వాడు సోఫాలో నిటారుగా కూర్చుని మొదలుపెట్టాడు.

"చూడండి, ఫెర్న్‌కి పువ్వుండదు, గింజుండదు. మొహం చూసి పేరు చెప్పకూడదు. ఆకు తిప్పి వెనక చూడాలి. గింజలకి బదులుండే సిద్ధబీజాలు ఎక్కడ వరస కట్టాయో అదే దాని చిరునామా."

అందరూ ఆహా అని రాసుకున్నారు. ఆ మాట నాది! ఫస్టియర్ పిల్లలకి నేను చెబుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాడు.

"ఏంటి రత్నం, బాగున్నావా?" అన్నాడు నా భుజం పక్కకి చూస్తూ. మనిషి మొహం చూసి మాట్లాడే అలవాటు వాడికి ఎప్పుడుంది గనక.

హరిణి అందరికీ కాగితం పంచింది. గైడ్: డాక్టర్ డి. కామరాజు. తర్వాత పదకొండు పేర్లు. చివర 'అసిస్టెంట్' అని ఉంది. పేరు లేదు. అడిగితే, "అయ్యో, మీ స్పెల్లింగ్ తెలియక వదిలేశానంకుల్," అంది. విమానం టికెట్టు మీద ఎలా రాసిందో మరి.

తిరిగొచ్చేటప్పుడు మెట్రో ఎక్కలేదు, నడిచే వచ్చాను. దారంతా మనసులోనే వాణ్ని తిట్టుకుంటూ వచ్చాను. ఒంటికి మంచిది.

ఫిబ్రవరి 10, సోమవారం

పోర్ట్ బ్లెయిర్. ఊరి పేరు మార్చారంటున్నారు గానీ నా నోటికి పాతదే వస్తుంది.

రూముకి ఇద్దరు. నన్ను వాడితో వేశారు. వాడే అడిగాడట. భోజనాలయ్యాక తలుపు గడియ పెట్టి మంచం మీద కూర్చున్నాడు.

"రత్నం, నీకో విషయం చెప్పాలి. నాకు కళ్లు కనపడటం లేదు."

నాకు అర్థం కాలేదు. విమానం మెట్లు చక్కగా దిగాడు కదా.

"పక్కలు కనిపిస్తాయి. నడవగలను. దేన్నైనా సూటిగా చూస్తే మాత్రం అది ఉండదు, మధ్యలో పొగ. ఇప్పుడు నీ చెవులు రెండూ ఉన్నాయి, మొహం లేదు. రెండేళ్లయింది. చూపు ఇక తిరిగి రాదన్నాడు డాక్టరు."

"మేడం గారికి తెలుసా సార్?"

"తెలీదు. పేపర్లో అక్షరాలు చిన్నవి చేశారంటూ రోజులు నెట్టుకొస్తున్నాను. హరిణికీ తెలీదు. తెలిస్తే నన్నింకెవరు పిలుస్తారు? ఒక కుర్చీ వేసి మూల కూర్చోబెడతారు."

"మరి రేపు ఆకు వెనక ఏముందో ఎలా చెబుతారు?"

"నువ్వు చెబుతావు. నా వెనకే నిలబడు. నేను ఆకు తిప్పి కాస్త వెనక్కి వంగుతాను. నువ్వు మెల్లగా పేరు చెప్పు చాలు. మిగతా కథంతా నాకొచ్చు. ఎవరికీ చెప్పకు."

అడగడం కాదు, ఆజ్ఞ. ఇరవై నాలుగేళ్లు విన్న గొంతే. సరే సార్ అన్నాను. నా నోటికి అదొక్కటే అలవాటు.

ఒక నిజం రాసుకోవాలి. కళ్లు లేవని వాడు చెప్పగానే నా లోపల ఏదో లేచి గంతులేసింది. జాలేమో అనుకుందామని చూశాను. జాలి కాదు, సంతోషం.

ఫిబ్రవరి 11, మంగళవారం

అడవి గురించి రాయాలి ముందు. పెద్ద పెద్ద చెట్ల కొమ్మల సందుల్లో పక్షిగూడు ఫెర్నులు, ఒక్కొక్కటి మా వంటింటి గుమ్మమంత వెడల్పు. తీగలా చెట్టుకి చుట్టుకుని పైకి పాకేది ఒకటి. మడ నేలలో ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకుని నిలబడేది ఇంకొకటి. అట్టల మీద ఎండినవి చూసి చూసి నా కళ్లు కూడా ఎండిపోయాయి. ఇక్కడ ఒక్కొక్కదాని దగ్గర నిలబడిపోవాలనిపించింది. చేతిలో ఆకు పట్టుకుంటే ఊపిరాడనంత ఆనందం. ఎవరూ లేకపోతే ఏడ్చేవాణ్నేమో.

నిలబడనిస్తేగా! వాడు వెనక్కి వంగుతాడు, నేను చెబుతాను.

"డ్రైనేరియా."

"ఇది డ్రైనేరియా!" అని వాడు గట్టిగా అంటాడు, చుట్టూ ఆహాలు. తర్వాత దాని కథ మొదలుపెడతాడు. కథ బాగా చెబుతాడు, అది ఒప్పుకోవాలి. ఎక్కడా గొంతులో వణుకు రాదు.

ఈరోజు ఇరవై ఐదు పేర్లు. మంజూష అంది, "సార్, మీ జ్ఞాపకశక్తికి దండం పెట్టాలి సార్. ఒక్క క్షణం కూడా ఆలోచించరు." వాడు చిరునవ్వు నవ్వాడు. ఆవిడే నా వైపు తిరిగి, "అంకుల్, జర ఈ బాటిల్ పట్టుకుంటారా?" అంది.

పట్టుకున్నాను. మరి నేను అసిస్టెంటుని కదా.

ఫిబ్రవరి 12, బుధవారం

చేశాను.

కొండ దారి. వరసలో ఒక డాక్టరు కాలుజారి పడితే హరిణి ఆయన దగ్గర ఆగిపోయింది. మేము ముందుకెళ్లాం. మలుపులో నడుమెత్తు ఫెర్న్. ఈకలాగా కాడకి రెండు వైపులా పొడుగాటి సన్న ఆకులు, చిగుళ్లు ఎర్రగా. పది అడుగుల దూరం నుంచే తెలిసింది, బ్లెక్నం. దీనికి ఆకు వెనక నడిమి ఈనెని ఆనుకుని రెండు పక్కలా గోధుమరంగు గీతలుంటాయి. టెరిస్ అని ఇంకోటుంది, పైనుంచి చూస్తే దీని చెల్లెలు లాగానే ఉంటుంది. దానికి గీత ఆకు అంచున ఉంటుంది, అంచు మడతపడి దాన్ని కప్పుతుంది. ఆకు తిప్పాక ఈ రెంటినీ కలగాపులగం చేస్తే ఫస్టియర్‌లోనే మార్కులు పోతాయి.

వాడు ఆకు తిప్పాడు. వెనక్కి వంగాడు.

"టెరిస్," అన్నాను.

నోరు జారలేదు. అలసట కాదు. ఎండ కాదు. అనాలనే అన్నాను. పదకొండు మంది ముందు వాడి నోట తప్పు రావాలి, అది హరిణి ఈ ట్రిప్పు మీద వెయ్యబోయే పుస్తకంలో ఎక్కాలి, ఎవడో తెలిసినవాడు చూసి నవ్వాలి. నిన్నటి నుంచి అనుకుంటున్నది అదే.

వాడు ఆకు వెనక బొటనవేలు రాస్తూ కొంచెంసేపు నిలబడ్డాడు. ఆయాసమనుకున్నాను. తర్వాత గొంతు పెంచి, "టెరిస్. రాసుకోండి అందరూ," అన్నాడు. రాసుకున్నారు. మంజూష ఆకు వెనకవైపు ఫొటో తీసింది, దగ్గరగా, గీతలు స్పష్టంగా పడేట్టు.

మంచి పని చేశాను. చాలా మంచి పని.

భోజనం సయించలేదు. చేపల కూరలో ఏదో తేడా ఉంది.

ఫిబ్రవరి 13, గురువారం

ఏం రాయాలో తెలియడం లేదు.

సాయంత్రం హోటల్ వెనక కుర్చీలు వేసుకుని అందరం కూర్చున్నాం. రేపు ప్రయాణం కాబట్టి తలా ఒక మాట చెప్పాలన్నారు. చివర కామరాజు లేచాడు.

"నిన్న కొండ మీద టెరిస్ చూశారు కదా. దాని పేరు చెప్పింది నేను కాదు. మన యేసురత్నం గారు."

నా పూర్తి పేరు. గారు!

"నాతో ఇరవై నాలుగేళ్లు పనిచేశారు. ఒక్కనాడు ఒక్క పేరు తప్పు చెప్పలేదు. హరిణీ, పుస్తకం వేస్తున్నావుగా అమ్మా. ఆ ఫెర్న్ కింద 'గుర్తించినవారు: యేసురత్నం' అని వెయ్యి. మర్చిపోకు."

చప్పట్లు కొట్టారు. మంజూష లేచొచ్చి చెయ్యి కలిపింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మాట కోసం నలభయ్యేళ్లుగా కాచుకుని ఉన్నాను, ఎవరితో ఒప్పుకోకపోయినా ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఇన్ని ఫెర్నులుండగా ఆయనకి అదే దొరికిందా దేవా!

చప్పట్లు అయ్యాక చెప్పేద్దామనుకున్నాను. చప్పట్లు అయ్యాక టీ వచ్చింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

విమానంలో ఆయన నా పక్క సీటే. దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నారు. చెప్పలేదు. ఇంటికెళ్లాక ఫోన్ చేసి చెబుతాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

లీలకి సగం చెప్పాను. చప్పట్ల సగం.

"మంచిగయింది. ఇగనన్న మనసు చల్లగయిందా?" అంది.

అయిందన్నాను.

ఫిబ్రవరి 20, గురువారం

హరిణి పుస్తకం మా ట్రిప్పు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మా కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో కూడా పెట్టింది, అందులో నాలుగొందల మంది ఉన్నారు. నలభై ఆరు ఫెర్నులు, ఒక్కోదానికి ఒక్కో పేజీ. నలభై ఐదింటి కింద 'గుర్తించినవారు: డా. డి. కామరాజు'. పేజీ పదకొండు: టెరిస్. గుర్తించినవారు: యేసురత్నం.

పక్కనే మంజూష ఫొటో. నడిమి ఈనెకి రెండు పక్కలా రెండు గీతలు. ఇంత పెద్దగా కనిపిస్తున్నాయి.

కిందకెళ్లి జిరాక్స్ షాపులో ఆ ఒక్క పేజీ కలర్ ప్రింటు తీయించుకున్నాను. తప్పని తెలిసే తీయించుకున్నాను. అచ్చులో నా పేరు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. బాగుంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

యూనివర్సిటీలో చేసి రిటైరైన ఒకాయన గ్రూపులో రాశాడు. 'పేజీ 11లో ఉన్నది బ్లెక్నం. ఇందులో సందేహానికి తావే లేదు. ఈ యేసురత్నం ఎవరు? డాక్టర్ కామరాజు లాంటివారి పుస్తకంలో ఇలాంటివాళ్లని ఎందుకు వేలు పెట్టనిస్తారు?' దాని కింద నవ్వే బొమ్మలు. పది దాకా లెక్కపెట్టి ఫోన్ బోర్లించాను.

హరిణి ఫోన్ చేసింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"సార్‌ని అడిగానంకుల్. 'అది రత్నం చెప్పిందమ్మా, నేను నమ్మాను,' అన్నారు. ఏం ఫికర్ చెయ్యకండి, ఎవరికైనా పొరపాటవుతుంది. మీకు కూడా వయసైంది కదా."

నా వయసుకి ఏమీ కాలేదు. నా కళ్లు శుభ్రంగా ఉన్నాయి. దీపం లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను.

రేపు పంజాగుట్ట వెళ్తాను. ఆయన నన్ను నమ్మారు. నమ్మిన మనిషిని మోసం చేశాను. కాళ్లు పట్టుకోనైనా పట్టుకుంటాను.

ఫిబ్రవరి 22, శనివారం

దుర్గాంబ గారు గుడికి వెళ్లారట. వాడే తలుపు తీశాడు. కూర్చోమనకముందే చెప్పేశాను.

"సార్, అది బ్లెక్నం. నాకు తెలుసు. మీ మీద కోపంతో కావాలనే తప్పు చెప్పాను. క్షమించండి."

"తెలుసు," అన్నాడు.

ఏం తెలుసు సార్ అన్నాను.

"అప్పుడే తెలుసయ్యా. ఆకు బొటనవేలితో తడిమాను. అంచున మడత లేదు, ఈనె పక్కన గట్టు ఉంది. కళ్లు పోతే వేళ్లు కూడా పోతాయేంటి?"

"మరి టెరిస్ అని ఎందుకు చెప్పారు?"

"నువ్వు చెప్పావుగా!" నవ్వాడు. "ముందు ఒళ్లు మండింది. తలుపు గడియ పెట్టి నా గుట్టంతా నీ చేతిలో పెడితే, రెండో రోజుకే నన్ను గోతిలోకి తొయ్యాలని చూశావు. సరే, ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారు కదా అనుకున్నాను. అచ్చులో పేరు చూసుకోవాలని నీకు ఎప్పట్నుంచో యావ. నాకు తెలీదనుకున్నావా? చూపించాను."

"మిగతా నలభై ఐదు పేర్లూ నేనే చెప్పాను కద సార్."

"అవి నావి."

ఎంత మామూలుగా అన్నాడు! మంచినీళ్లు అడిగినట్టు అన్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు పెద్దలు. ఒప్పులన్నీ ఇరవై నాలుగేళ్లు వాడు తీసుకున్నాడు. ఒక్క తప్పు దొరికితే గారు తగిలించి, చప్పట్లు కొట్టించి నాకిచ్చాడు. అక్కడ కూర్చుని నేను దానికి కన్నీళ్లు పెట్టుకున్నాను.

కొట్టాలనిపించింది. నిజంగా చెయ్యి లేచింది. వాడు కదల్లేదు. కనిపించి ఉండదు.

"కూర్చో, కాఫీ ఆవిడ వచ్చాక ఇస్తుంది," అన్నాడు. "వచ్చే నెల ఇంకో ట్రిప్పు ఉంది రత్నం. నువ్వు రావాలి. చెల్లుకి చెల్లు అయిపోయిందిగా మనకి."

మెట్లు దిగి వచ్చేశాను.

ఫిబ్రవరి 24, సోమవారం

గ్రూపులో పెట్టడానికి రాశాను. రెండు రోజులు పట్టింది. ఇదీ:

'పేజీ 11లో ఉన్నది బ్లెక్నం. నాకు చూడగానే తెలుసు. కామరాజు గారికి రెండేళ్లుగా కళ్లు కనిపించవు. ఆ విషయం ఇంట్లోవాళ్ల దగ్గర కూడా దాచారు. అండమాన్‌లో ఆయన చెప్పిన ప్రతి పేరూ వెనక నిలబడి నేను చెప్పిందే. ఆయన థీసిస్ కోసం కొండలెక్కిందీ నేనే. ఆయన మీద కోపంతో ఒక పేరు కావాలని తప్పు చెప్పాను.'

పంపేముందు లీలకి మొత్తం కథ చెప్పి, ఇది చూపించాను. అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"దీంట్ల నీ తప్పు ఒక్క లైను ఉంది. గాయన కండ్లే మొత్తం ఉన్నయి."

"ఉన్నదే రాసిన."

"ఉన్నదే. తలుపు గడియ పెట్టి చెప్పిండు కద నీకు. గట్ల చెప్పింది బయట పెడితే, మా ఆసుపత్రిల అయితే ఉద్యోగం పోతుండె."

"వాడు చేసింది నీకు కనపడ్తలేదా? నలభై ఐదు నావి లీలా!"

"నీవే. నేను కాదంటున్ననా? గానీ గాయన కండ్ల సంగతి చెప్పకుండ అవి నీవని ఎట్ల చెప్తవ్? నీ ఇష్టం, రాస్తే రాయి. నేను వంటింట్లకు పోత."

వెళ్లింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. ఆ కొండ దారిలో సరైన పేరు చెప్పి ఉంటే, ఈరోజు కళ్ల సంగతి బయటపెట్టినా నన్ను ఎవరూ వేలెత్తి చూపలేకపోయేవాళ్లు. కనీసం నన్ను నేను వేలెత్తి చూపుకునేవాణ్ని కాదు. మధ్యాహ్నమంతా ఆ నాలుగు లైన్ల ముందు కూర్చున్నాను. కళ్ల మాట కొట్టేశాను. మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశాను. అది పోతే వెనక నిలబడ్డ మాట కూడా నిలవదు, అదీ కొట్టేశాను. కొండల మాట ఒక్కటే మిగిలితే ఏడుపులా ఉంది. అదీ తీసేశాను.

చివరికి పంపింది:

'పేజీ 11లో ఉన్నది బ్లెక్నం. నాకు చూడగానే తెలుసు. కోపంతో కావాలని టెరిస్ అని చెప్పాను. తప్పు నాది. యేసురత్నం.'

పంపాక వాడి మీద ఇంకా కోపం పెరిగింది. వాణ్ని కాపాడినందుకు నా మీద కూడా.

ఫిబ్రవరి 26, బుధవారం

మంజూష మెసేజ్ పెట్టింది. 'మీలాంటివాళ్లని సార్ ఎలా భరించారో.'

హరిణి ఫోన్ చెయ్యలేదు. సరిదిద్దిన పుస్తకం మాత్రం గ్రూపులో పెట్టింది.

పేజీ పదకొండు: బ్లెక్నం. గుర్తించినవారు: డా. డి. కామరాజు.

మార్చి 1, శనివారం

వాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. ట్రిప్పు దగ్గరకొచ్చింది కదా, ఆకు వెనక ఏముందో చెప్పే మనిషి కావాలి. ఎత్తలేదు.

మార్చి 2, ఆదివారం

నెలలో మొదటి ఆదివారం కాబట్టి చర్చిలో ప్రభువు బల్ల ఉంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు పాస్టర్ గారు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. ఎవరితోనైనా విరోధముంటే ముందు వెళ్లి సమాధానపడి, తర్వాత రండి అన్నారు.

నలభయ్యేళ్లుగా ఈ మాట వింటున్నాను. ప్రతి నెలా ఇది నన్ను కాదనుకుని లేచి బల్ల దగ్గరికి వెళ్లేవాణ్ని. అన్యాయం చేసింది వాడు, నాకు వాడితో విరోధమేముంది, ఉన్నది బాధే కదా అనుకునేవాణ్ని. పాపమంతా వాడి ఖాతాలో ఉంటే రొట్టె తినడం సులువు.

ఈరోజు లేవలేదు. వరసలో వాళ్లంతా నా మోకాళ్లు దాటుకుంటూ ముందుకెళ్లారు. ఒంట్లో బాగాలేదా అని ఒకాయన వంగి అడిగాడు. బాగానే ఉందన్నాను. లీల వెళ్లి తీసుకుని వచ్చి పక్కన కూర్చుంది.

బయటికొచ్చాక అడిగింది.

"పంజాగుట్టకి పోతవా?"

"పోను."

"ఫోన్ అన్న చేస్తవా?"

"చెయ్య."

"మరి బల్లకు ఎందుకు లేవలే?"

"పోనని తెలుసు గనక."

ఆవిడ దారిలో ఆగి కొత్తిమీర కొన్నది.

వచ్చే మొదటి ఆదివారం ఏప్రిల్ ఆరు. అప్పటికి లేస్తానో లేదో తెలియదు. వాణ్ని నేను క్షమించలేదు. ఎప్పుడో క్షమించేశానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను, దేవుడితో సహా.